ఉప్పు కాపడం

దిల్‌సుఖ్‌నగర్,
22 జూన్ 2025.

జోగారావు అన్నకు, తమ్ముడు సిద్ధిరాములు నమస్కారాలు.

అందరం క్షేమమని రాసి మొదలుపెట్టడం మర్యాద. కానీ నీకు అబద్ధం రాయడం నాకు చేతకాదు. గుండె బాగుంది. వీపే బాగాలేదు.

ఫోన్ చేద్దామంటే నీ చెవులకు మిషన్ పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. ఏది చెప్పినా "ఆఁ, ఆఁ" అంటావు. వాట్సాప్‌లో రాస్తే మీ అమ్మాయి బిందు చదివి నీకు అరిచి వినిపించాలి. పాపం ఆ పిల్ల పొద్దంతా ఆస్పత్రిలో నిలబడి వస్తుంది, దానికెందుకీ గోల? అందుకని కవర్లు కొన్నాను. మీ ఎల్.బి. నగర్‌కు మెట్రోలో మూడు స్టేషన్లు, పోస్టులో మూడు రోజులు. నువ్వు మా ఇంటి మీది పోర్షన్‌లో కిరాయికి ఉన్న ఇరవై రెండేళ్లూ మెట్ల కింద నిలబడి ఒక్క కేక వేస్తే దిగొచ్చేవాడివి. ఆ సుఖం పోయింది.

మే నెలలో నాకు స్టెంటు వేశారు కదా. నువ్వు చెప్పిన ఆస్పత్రిలోనే, మన బిందు మిషన్ దగ్గర ఉండగానే. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందట, నాలుగు గంటలు ఆ బల్ల మీదే ఉన్నాను. డాక్టరు మంచివాడు. "ఇంకొంచెం ఓపిక పట్టండి పెద్దాయనా" అని నాలుగు గంటలూ అంటూనే ఉన్నాడు. ఇంటికొచ్చాక నడుము పట్టేసింది. నీ చెల్లెమ్మ యాదమ్మ పెనం మీద గల్లుప్పు వేయించి, పాత చీర ముక్కలో మూట కట్టి వారం రోజులు కాపడం పెట్టింది. నడుము వదిలింది. పీడ వదిలిందనుకుంటే ఇప్పుడు వీపు మీద కుడి రెక్క కింద దురద మొదలైంది.

నిన్న షాపులో ఆడవాళ్లు చీర భుజాన వేసుకుని చూసుకునే నిలువుటద్దానికి వీపు తిప్పి, చేతిలో ఇంకో అద్దం పట్టుకుని చూశాను. అరచేతి కన్నా కొంచెం పెద్ద మచ్చ, ఎర్రగా. విచిత్రం ఏమిటంటే అది నలుచదరంగా ఉంది. కొలిచి గీసినట్టు నాలుగు మూలలు. నేను పోచంపల్లిలో పుట్టి, పదిహేనేళ్లు నూలుకు కట్లు కట్టి రంగులో ముంచినవాణ్ని. ఎంత బిగించి కట్టినా అంచు దగ్గర రంగు పిసరంత చెదురుతుంది. మా చీరకు ఆ చెదురే అందం. ఈ మచ్చకు అంచు చెదరలేదన్నా. ఇలాంటి రోగం ఎక్కడైనా ఉందా? ముప్ఫై ఏళ్లు సర్కారు దవాఖానలో ఎక్స్‌రేలు తీసినవాడివి, ఎన్ని వీపులు చూశావో. ఏమంటావు?

ఒకసారి వచ్చి చూసిపో. యాదమ్మ కొత్తావకాయ నీ వాటా పక్కన పెట్టింది. "జోగన్న మా చేతి ఆవకాయ తినడు, కారం లేదంటడు, అయినా పెడత" అంటోంది.

నీ తమ్ముడు,
సిద్ధిరాములు

*

ఎల్.బి. నగర్,
28 జూన్.

తమ్ముడు సిద్ధిరాములుకి, జోగారావు ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ చెడిపోయి వారమైంది. నాలుగో అంతస్తు ఎక్కి దిగడం నా వల్ల కావట్లేదు. బాల్కనీలో తులసి వేశాను, ఎండకి మాడిపోతోంది. బిందుకి ఈ నెలంతా డ్యూటీలే. ఇంటికొచ్చి రెండు ముద్దలు తిని పడుకుంటోంది. ఈ మధ్య మాట కూడా తగ్గించేసింది.

మచ్చ సంగతి రాశావు. ఎండాకాలం చివర కదా, చెమటకి అలా వస్తూ ఉంటాయి. గోకకు. కాస్త కొబ్బరినూనె రాయించుకో. ఎండ తగలనివ్వకు, వేడి అసలు తగలనివ్వకు. గట్టిగా రుద్ది స్నానం చేయకు. బిగుతు బనీన్లు వేసుకోకు. అంతే, కంగారు పడాల్సిందేమీ లేదు.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. ఆవకాయ దాచమను. కొంచెం కుదుటపడ్డాక వస్తాను.

జోగారావు

తాజాకలం: ఆ మచ్చ ఎన్ని అంగుళాలుందో టేపుతో కొలిచి రాయగలవా? ఊరికే అడుగుతున్నాను.

*

దిల్‌సుఖ్‌నగర్,
16 జూలై.

అన్నకు నమస్కారాలు.

అటు నాలుగంగుళాలు, ఇటు నాలుగంగుళాలు. బట్టల టేపుతోనే కొలిచాను. చెమటకాయలకు ఎవరైనా కొలతలు అడుగుతారా? ముసలితనంలో నీకు చాదస్తం పెరిగింది.

మచ్చ ఎరుపు తగ్గి నల్లబడింది. ఆ తర్వాత పొట్టు లేచింది. మొదట ఒక చర్మం డాక్టరు తామర అన్నాడు, ట్యూబు రాశాడు. రాసుకున్న కొద్దీ మంట. మావాడు చందు ఇంకో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన భూతద్దం పెట్టి చూసి, "ఇక్కడ వేడిగా ఏమన్నా పెట్టారా?" అని అడిగాడు. పక్కన నిలబడ్డ యాదమ్మ ముందే నోరు విప్పింది. "ఉప్పు మూట పెట్టిన సార్" అంది. ఆయన కాగితం మీద కాలిన గాయమని రాసి పంపేశాడు.

దాంతో ఇల్లు ఇల్లంతా ఆమె మీద పడింది. "ఎంత వేడి పెట్టినవే అమ్మా, జర చెయ్యి పెట్టి చూసుకోవద్దా?" అని చందు. షుగరున్న మనిషికి అట్ల కాపడం పెడతారా అని నా చెల్లెలు. ఫోన్ చేసిన ప్రతివాడూ అదే మాట. ఎద్దు పుండు కాకికి నొప్పా? తలా ఒక పోటు పొడిచి పోయారు. దాచడమెందుకు, నేనూ అన్నాను. "నా వీపు నీకు పెనం లెక్క కనపడ్డదా?" అన్నాను. ఆమె పెనం తీసి తోముకోవడానికి పోయింది. ఆమె ఏమీ అనకపోతే నాకింకా ఒళ్లు మండుతుంది.

ఇప్పుడామె చేస్తున్న పని వింటావా? ఆ రోజు నుంచి ఉప్పు మానేసింది. మాకు వండే కూరలో వేస్తుంది, తన పళ్లెంలోకి మాత్రం వేయకముందే తీసి పెట్టుకుని చప్పిడి ముద్ద తింటోంది. నా పుండు మానేదాకా ఉప్పు ముట్టదట. మంచం మీద పడుకోదు, కింద చాప. మంగళవారం, శనివారం కర్మన్‌ఘాట్ హనుమంతుడికి నూట ఎనిమిది ప్రదక్షిణలు. ఆ మోకాళ్లతో! అరుస్తున్నాను. వినదు.

నిద్ర పట్టడం లేదన్నా. కుర్చీలో వెనక్కి ఆనుకోలేను, వెల్లకిలా పడుకోలేను. షాపులో కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు. మలక్‌పేట దాకా నడిచి వెనక్కి వస్తున్నాను. నువ్వు పక్కనుంటే ఇద్దరం తిట్టుకుంటూ నడిచేవాళ్లం. లిఫ్ట్ ఇంకా బాగు కాలేదా?

సిద్ధిరాములు

*

ఎల్.బి. నగర్,
22 జూలై.

తమ్ముడు సిద్ధిరాములుకి,

నాకు నాలుగు రోజులుగా జ్వరం. అందుకే రాలేకపోయాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

చెల్లెమ్మని ఏమీ అనకు. చందుని కూడా అననివ్వకు. అది కాపడం వల్లే వచ్చిందని ఎవరు చూశారు? వేరే కారణాలు కూడా ఉండొచ్చు. డాక్టర్లు అన్నంత మాత్రాన అన్నీ నిజాలు కావు. ఉప్పు మానొద్దని నేను చెప్పానని చెప్పు. ఆమెకి బి.పి. తక్కువ, కళ్లు తిరిగి గుడిలో పడిపోతుంది. ప్రదక్షిణలు ఆపమను. అన్నగా చెబుతున్నానని చెప్పు.

ఆ పుండు మీద ఏ పసర్లూ పెట్టనివ్వకు. గుండె డాక్టరుకి ఒకసారి చూపిస్తే మంచిదేమో. అలా అని నేను చెప్పానని అక్కడ అనకు.

ఇంకేం రాయాలో తోచడం లేదు.

జోగారావు

*

దిల్‌సుఖ్‌నగర్,
6 ఆగస్టు.

అన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "వేరే కారణాలు కూడా ఉండొచ్చు" అని రాశావు. ఏ కారణాలు? "నేను చెప్పానని అనకు" అన్నావు. ఎందుకు అనొద్దు? ఇరవై రెండేళ్లలో నువ్వు నాతో ఇంత నాజూకుగా ఎప్పుడూ మాట్లాడలేదు. నీళ్ల మోటారు కోసం మనం తిట్టుకున్న తిట్లు ఎదురింటివాళ్లకు కూడా కంఠతా వచ్చు.

పుండు తెరుచుకుంది. రూపాయి బిళ్లంత గుంట, చుట్టూ ఆ నలుచదరం నల్లగా. నొప్పి లోపలెక్కడో ఉంటుంది. రోజూ ఒక నర్సు వచ్చి కట్టు మార్చి పోతుంది. యాదమ్మ కట్టు ముట్టదు. "నా చెయ్యి మంచిది కాదు" అంటుంది. నిన్న వేడినీళ్ల చెంబు నాకు అందించి, నేను పట్టుకోకముందే భయంతో వదిలేసింది. కాళ్ల మీద పడ్డాయి, ఆమె కాళ్ల మీదే. అబ్బా అని కూడా అనలేదు. నలభై ఏళ్లుగా ఆ చేతి వంటే తింటున్నాను అన్నా. ఆ చెయ్యి ఇప్పుడు నా పళ్లెం దగ్గరికి రావడం లేదు, గరిటెతో దూరం నుంచే వడ్డిస్తోంది.

పెద్ద డాక్టరు, ఇన్ని రోజులైనా మానలేదంటే లోపల ఇంకేదో ఉందేమో, ముక్క కోసి పరీక్షకు పంపుదాం అన్నాడు. వచ్చే సోమవారం కాక పైసోమవారం, పద్దెనిమిదో తేదీ. క్యాన్సరని ఆయన అనలేదు, చందు మొహం చూసి నేనే అనుకున్నాను.

ఎల్లుండి కాక అవతల రాఖీ. మీ కోస్తా వాళ్లకు ఈ పండుగ పట్టింపు లేకపోయినా, వచ్చిన మొదటి ఏడాది నుంచి యాదమ్మ నీకు కడుతూనే ఉంది, నువ్వు ఒక్క ఏడూ తప్పలేదు. ఈసారి రావని ఆమెకు అర్థమైంది. పోచంపల్లి నుంచి పట్టు దారం తెప్పించి తనే అల్లింది. కవరులో పెట్టమంది. పెట్టాను.

ఇంకో మాట. పోయిన ఆదివారం నువ్వు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల కింద, అరటిపళ్ల బండి పక్కన నిలబడి ఉన్నావని చందు చెప్పాడు. పలకరించే లోపల మళ్లీ మెట్లెక్కి పోయావట. జ్వరంతో ఉన్న మనిషి ఎందుకొస్తాడు, ఇంకెవర్నో చూసి ఉంటావని వాణ్ని కసిరాను. కసిరానే గానీ, రాత్రంతా అదే ఆలోచన.

సిద్ధిరాములు

*

ఎల్.బి. నగర్,
10 ఆగస్టు, ఆదివారం.

తమ్ముడూ,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. బిందు చేతికిచ్చి పంపుతున్నాను. అది నీ ఎదురుగా నిలబడి ఉండగా చదువు.

ముందు ఒక మాట. పద్దెనిమిదో తేదీన ఆ ముక్క కోయనివ్వకు. అక్కడ కోస్తే ఆ కోత కూడా మానదు, పుండు ఇంకా పెద్దదవుతుంది. తక్కినదంతా తర్వాత చదివినా ఫరవాలేదు, ఈ ఒక్కటీ మర్చిపోకు.

అది కాపడం వల్ల కాలింది కాదు. ఎక్స్‌రే వల్ల కాలింది. స్టెంటు వేసేటప్పుడు లోపల దారి కనబడాలంటే ఎక్స్‌రే వేస్తూనే ఉండాలి. బల్ల కింద నుంచి ఆ కిరణం నీ వీపులోంచి పోతుంది. నలుచదరపు కంతలోంచి వస్తుంది కాబట్టి నలుచదరంగానే కాలుస్తుంది. మామూలు కేసుల్లో ఏమీ కాదు. నీది నాలుగు గంటలు పట్టింది, అందులో ఎక్కువసేపు ఒకే కోణంలో ఒకే చోట. ఆ వేడి చేతికి తెలిసేది కాదు. రోజులు, వారాలు గడిచాక పైకి తేలుతుంది. అందుకే ఏ చర్మం డాక్టరుకీ మే నెల గుర్తు రాలేదు. స్టెంటు వేసిన సంగతి ఆయనకి మనం చెప్పం, ఆయన అడగడు.

నాకు నీ మొదటి ఉత్తరంలోనే తెలిసింది. అంచు చెదరలేదని రాశావు చూడు, అక్కడే. కాదు, అంతకు ముందే తెలుసు. మే ఇరవై నాలుగో తేదీ సాయంత్రం బిందు ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఏమైందంటే చెప్పింది. ఆ మిషన్ తెర మీద ఒంటికి ఎంత తగిలిందో చూపించే అంకె ఒకటుంటుంది. అది అయిదు దాటితే చర్మానికి ముప్పు, దాటగానే బిందు డాక్టరుకి చెప్పింది. ఏడు దాటాక మళ్లీ చెప్పింది. ఆయన తల ఎత్తకుండా, "తెలుసమ్మా, ఇప్పుడు వదిలేస్తే మనిషి దక్కడు" అన్నాడట. ఆయన మాటలో అబద్ధం లేదు. ఆఖరికి తొమ్మిది దాటింది. రిజిస్టర్‌లో రాశారు. నీకిచ్చిన డిశ్చార్జి కాగితంలో రాయలేదు. నెల తర్వాత వీపు చూసుకోమని నీకెవరూ చెప్పలేదు.

బిందు చెబుతానంది. మరుసటి రోజే మీ ఇంటికి వస్తానంది. వద్దన్నది నేను. "నువ్వు టెక్నీషియన్‌వి, చెప్పాల్సింది డాక్టరు. రేపు ఏదైనా అయితే మిషన్ దగ్గరున్నది నువ్వే కాబట్టి నిన్నే అంటారు. వాళ్లకేమీ కాకపోవచ్చు, ఊరికే భయపెట్టడం దేనికి" అన్నాను. నా కూతురి నోరు నేనే మూయించాను. ఆ తర్వాత నీ ఉత్తరాలు దానికి కనబడకుండా బీరువాలో పెట్టాను. నాకు జ్వరం లేదు. లిఫ్ట్ రెండో రోజే బాగైంది. మెట్రో మెట్ల కింద నిలబడింది నేనే. రెండు ఆదివారాలు వచ్చాను. మీ వీధి మలుపు దాకా కూడా రాలేకపోయాను.

తల్లి శేషారత్నం పోయినప్పుడు బిందుకి ఎనిమిదేళ్లు. పదేళ్లపాటు రోజూ బడికి, కాలేజీకి దానికి జడ వేసి పంపింది చెల్లెమ్మ. ఆ చేతికి తగిలిన నిందని రెండు ఉత్తరాల్లో చదివి, కాదని ఒక్క ముక్క రాయలేకపోయాను. మీ ఇంటి ఉప్పు తిన్నవాణ్ని, మీ ఇంట్లోనే ఒక మనిషి నా వల్ల ఉప్పు మానేసిందని తెలిసి కూడా మూడు పూటలా తిన్నాను. నేను పిరికివాణ్ని తమ్ముడూ. ఇంతకన్నా మంచి మాట దొరకలేదు.

రాఖీ వచ్చింది. నిన్నంతా బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. చేతికి కట్టుకోలేకపోయాను. బిందు డ్యూటీ నుంచి వచ్చి, పండగపూట ఎందుకలా ఉన్నావని అడిగింది. బీరువా తాళం ఇచ్చాను. అన్నీ చదివి ఒక్క మాటే అంది: "అత్త ఉప్పు తినట్లేదా నాన్నా?" తెల్లవారి లేచి, నేనేం చెప్పినా వినకుండా, ముందు ఆ గుండె డాక్టరు ఇంటికి వెళ్లి, మీకు చెప్పబోతున్నానని చెప్పి వచ్చింది. ఇప్పుడు మీ ఇంటికి వస్తోంది. దాన్ని ఏమీ అనకు. అనాల్సినవన్నీ నన్ను అను.

జోగారావు

*

దిల్‌సుఖ్‌నగర్,
14 ఆగస్టు.

జోగారావు అన్నకు,

నాలుగు రోజులు ఆగి రాస్తున్నాను. ఆ రోజే రాసి ఉంటే ఈ కాగితం నువ్వు పొయ్యిలో పెట్టాల్సి వచ్చేది.

బిందు గడప దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు, చదవండి మామయ్యా అంది. పైకే చదివాను. యాదమ్మ చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంపుతోంది. చదవడం అయిపోయేదాకా ఆమె చేతులు ఆగలేదు. అయిపోయాక కూడా నాలుగు కాయలు తుంపింది. ఆ తర్వాత నన్ను చూసింది. బిందును కాదు, నన్ను.

"నేను కాపడం పెట్టింది నీ నడుముకు" అంది. "పుండు లేసింది రెక్క కింద. జానెడు పైన. గా మాట నువ్వెందుకు చెప్పలే?"

అన్నా, నీకు నేను రాసిన మొదటి ఉత్తరంలో నడుమని నేనే రాశాను. మూట ఎక్కడ పెట్టిందో నా వీపుకు తెలియదా? డాక్టరు వేడి అనగానే, ఇంత బాధకు ఎవరో ఒకరు కారణం దొరికారు కదా అని పట్టుకున్నాను. ఆమె మీద అరిస్తే గంటసేపు నొప్పి తెలిసేది కాదు. నిజం ఇది.

"అందరు అంటుంటే నేనే అనుకున్న, పైకి కూడా పెట్టిన్నేమో అని" అంది. "నా చెయ్యి యాడ పెట్టిన్నో నాకే అనుమానం చేస్తిరి గదయ్యా!" అప్పుడు ఏడ్చింది. ఇన్ని రోజులు ఏడవని మనిషి ఏడుస్తుంటే బిందు గడప దాటి వచ్చి పట్టుకుంది. ఇద్దరూ అలా ఎంతసేపున్నారో. నేను అద్దం ముందున్న దుకాణం బొమ్మలా నిలబడ్డాను.

ఆ తర్వాత ఆమె ముందే చందును, నా చెల్లెలిని, తామర అన్నప్పుడు ఒక మాట, కాపడం అన్నప్పుడు ఒక మాట అన్న ప్రతివాణ్నీ ఫోన్లో పిలిచి చెప్పాను. "పుండు యాదమ్మ చేసింది కాదు. మూట పెట్టింది నడుముకని నాకు ముందే తెలుసు, చెప్పలేదు" అని ఒక్కొక్కరికీ చెప్పాను. ఏడుగురికి. చివరికి నా గొంతు పోయింది.

మొన్న బిందు నన్ను ఆస్పత్రికి తీసుకుపోయింది. గుండె డాక్టరు నా చొక్కా తనే విప్పి చూశాడు. "నేను చెప్పాల్సింది, రాయాల్సింది" అన్నాడు. ఆ అంకెను నా కాగితం మీద తన చేత్తో రాసి సంతకం పెట్టాడు. ముక్క కోసే పని ఆపించాడు. ఇలాంటి కాలిన గాయాలు తెలిసిన సర్జన్ దగ్గరికి పంపాడు. ఆయన తొడ మీది చర్మం తీసి అతకాల్సి రావచ్చు, నెలలు పడుతుందన్నాడు. పట్టనీ. గుండె కొట్టుకుంటున్నది కూడా ఆ డాక్టరు చేతి చలవే కదా, అది నేను మరిచిపోను. కానీ ఆ రోజే ఒక్క మాట చెప్పి ఉంటే మా ఇంట్లో ఇన్ని రోజుల నరకం ఉండేది కాదని ఆయన మొహం మీదే అన్నాను. బిందు పక్కనే నిలబడి ఉంది, తల దించుకోలేదు. దాని ఉద్యోగానికి ఏమవుతుందో ఇంకా తెలియదు. ఏమైనా సరే, చందు షాపులో దానికి ఒక కుర్చీ వేసి పెట్టాడు.

నిన్ను క్షమించానా అంటే ఏం చెప్పను? కోపం ఉంది. నిన్ను తిట్టాలని ఉంది, ఎదురుగా. నీ పిరికితనం, నా పిరికితనం పక్కపక్కన పెట్టి చూస్తే నీది బిడ్డ కోసం. నాది దేనికోసమో నాకే తెలియదు.

ఆ ఆదివారం బిందును తినకుండా పోనివ్వలేదు యాదమ్మ. అదే చిక్కుడుకాయ కూర. మూడు పళ్లేలు పెట్టింది. తన పళ్లెంలో ముద్ద కలిపి ఆగింది. ఉప్పు డబ్బా నేనే లేచి తెచ్చాను. చిటికెడు తీసుకుని కలుపుకుంది, నోట్లో పెట్టుకుంది. "ఎక్కువైంది" అంది. బిందు ఏడుస్తూ నవ్వింది.

ప్రదక్షిణలతో ఆమె మోకాళ్లు వాచి తుమ్మ మొద్దుల్లా ఉన్నాయి. మూడు రోజులుగా నేనే ఉప్పు వేయించి కాపడం పెడుతున్నాను. మొదటి రోజు మూట ముందు నా చెంపకు ఆనించి చూసుకున్నాను. "పెట్టు, ఏం గాదు" అంది.

నీ రాఖీ సంగతి ఆమె అడగమంది. తనంతట తను కట్టుకుంటే చెల్లదట. దాన్ని జేబులో పెట్టుకుని రా. మూడు స్టేషన్లే. మెట్ల కింద అరటిపళ్ల బండి దగ్గర నేనే నిలబడి ఉంటాను.

సిద్ధిరాములు